గ్రోత్ దశలో ఉన్న టెక్ కంపెనీకి వీసీ (వెంచర్ క్యాపిటల్) ఫండింగ్: మొదటి లెక్క నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా

సీడ్ ఫండింగ్ ఎలా తెచ్చుకోవాలో చెప్పే వీడియోలు, పోస్టులు తెలుగులో కూడా బోలెడు దొరుకుతాయి. ఐడియా ఉంది, నలుగురం ఉన్నాం, యాభై లక్షలో రెండు కోట్లో ఎవరిస్తారు అనే దశ అది. ప్రొడక్ట్ అమ్ముడవుతోంది, కస్టమర్లు టైముకి డబ్బు కడుతున్నారు, జీతాలు తీసుకునేవాళ్ళు వంద దాటారు, ఇప్పుడు 60 కోట్లో 150 కోట్లో కావాలి అనే దశ గురించి మాత్రం రాసేవాళ్ళు తక్కువ. ఇది ఆ దశలో ఉన్న ఫౌండర్ల కోసం. సిరీస్ బీ, సిరీస్ సీ అంటారే, ఆ రౌండ్లు, అంటే ఒక్కో విడత పెట్టుబడి. సాఫ్ట్‌వేర్ అయినా, రాకెట్లూ చిప్‌లూ చేసే డీప్‌టెక్ అయినా దారి చాలావరకు ఒకటే, తేడా వచ్చినచోట చెబుతాను.

ఈ దశలో దాదాపు ప్రతి ఫౌండరూ వాల్యుయేషన్ (కంపెనీకి కట్టే విలువ) అంకె పట్టుకుని వేలాడతారు. నా లెక్కలో దానిది మూడో నాలుగో స్థానం. పేపర్లో వచ్చిన అంకెను జనం వారంలో మర్చిపోతారు, దాని కింద సంతకం పెట్టిన షరతులు మాత్రం కంపెనీ అమ్ముడయ్యేదాకానో లిస్టయ్యేదాకానో మీ వెంటే వస్తాయి. అందుకే టర్మ్ షీట్ (ఆ షరతులు రాసే మొదటి కాగితం) దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, పిచ్ డెక్ స్లయిడ్ల గురించి దాదాపు ఏమీ చెప్పను.

1. అసలు ఈ డబ్బు మీకు సరిపడేదేనా, ముందు అది తేల్చుకోండి

వీసీ ఫండ్ కూడా అప్పటికే ఎవరి దగ్గరో డబ్బు తెచ్చి, వాళ్ళకి తిరిగి ఇస్తానని మాటిచ్చి కూర్చుని ఉంటుంది. మన దేశంలో నడిచే ఫండ్లు సెబీ 2012లో తెచ్చిన ఏఐఎఫ్ (ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్) నిబంధనల కింద రిజిస్టర్ అవుతాయి, వాటిలో డబ్బు పెట్టేవాళ్ళు మామూలుగా కనీసం కోటి రూపాయలు పెట్టాలి. ఫండ్ ఆయుష్షు సాధారణంగా పదేళ్ళ దగ్గర ఉంటుంది: మొదటి నాలుగైదేళ్ళు పెట్టుబడులు పెట్టడం, మిగతా ఏళ్ళు వాటిని అమ్మి డబ్బు తీయడం. కాబట్టి మొదటి మీటింగ్‌లోనే మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్న, "ఈ డబ్బు ఏ ఫండ్ నుంచి ఇస్తున్నారు, అది ఎప్పుడు మొదలైంది?" అని. ఏడో ఏడులో ఉన్న ఫండ్ మీలో పెట్టిందంటే, మీరు ఇంకా ఎదుగుతున్నప్పుడే ఎగ్జిట్ కోసం, అంటే తన వాటా అమ్ముకుని బయటపడటానికి, వెంటపడుతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. కేటగిరీ 1, కేటగిరీ 2 ఏఐఎఫ్‌లు (వీసీ ఫండ్లు రిజిస్టర్ అయ్యే రకాలు) తమ పెట్టుబడి సొమ్ములో 25 శాతానికి మించి ఒకే కంపెనీలో పెట్టకూడదు. 200 కోట్ల ఫండ్ మీ 100 కోట్ల రౌండ్‌ని ఒంటిచేత్తో నింపలేదు. ఇది తెలియక చిన్న ఫండ్ల చుట్టూ నెలల తరబడి తిరిగేవాళ్ళు ఉన్నారు.

ఇక వాళ్ళ వైపు నుంచి చూస్తే, 500 కోట్ల విలువకి మీలో పెట్టారంటే ఐదారేళ్ళలో అది కనీసం 1,500 కోట్లు, వీలైతే 2,500 కోట్లు అవ్వాలి. మీ మార్కెట్‌లో అంత చోటు లేకపోతే, ఏటా 20 శాతం పెరుగుతూ చక్కగా లాభాలు తెచ్చే కంపెనీ అయినా ఈ డబ్బు జోలికి పోకపోవడమే మేలు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

వేరే దారులూ ఉన్నాయి. ట్రైఫెక్టా, ఆల్టీరియా, ఇన్నోవెన్, స్ట్రైడ్ లాంటివి వెంచర్ డెట్, అంటే స్టార్టప్‌లకి అప్పు, ఇస్తాయి. వాటా పెద్దగా పోదు గానీ వడ్డీ బ్యాంకు కంటే బాగా ఎక్కువ, కిస్తీ ఆగదు. ఆర్డర్లు చేతిలో ఉండి, రెండు రౌండ్ల మధ్య కొన్ని నెలలు నెట్టుకురావడానికైతే మంచిదే. నష్టాలు పూడ్చుకోవడానికి అప్పు తేవడం వేరే కథ. ఆన్‌లైన్ మందుల కంపెనీ ఫార్మ్‌ఈజీ 2021లో ల్యాబ్ పరీక్షల కంపెనీ థైరోకేర్‌ని కొనడానికి అప్పు చేసింది, 2022లో దాన్ని గోల్డ్‌మన్ శాక్స్ అప్పుతో మార్చుకుంది, ఆ అప్పు షరతులు నిలబెట్టుకోలేక 2023లో పాత ధర కంటే 90 శాతం తక్కువకి రైట్స్ ఇష్యూకి (పాత వాటాదార్లకే కొత్త షేర్లు అమ్మడానికి) దిగాల్సి వచ్చింది.

ప్రభుత్వ డబ్బు సంగతి: 2016లో పెట్టిన 10,000 కోట్ల ఫండ్ ఆఫ్ ఫండ్స్ ద్వారా సిడ్బీ (చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు) డబ్బిచ్చేది ఏఐఎఫ్‌లకి, నేరుగా మీకు కాదు. ఏ ఫండ్లకి ఇచ్చిందో చూస్తే మీకో జాబితా దొరికినట్టే. డీప్‌టెక్ వాళ్ళయితే 2025 జులైలో కేంద్ర కేబినెట్ ఆమోదించిన లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) పథకం మీద, స్పేస్ వాళ్ళయితే 2024 అక్టోబరులో ఆమోదించిన 1,000 కోట్ల ఇన్-స్పేస్ (ప్రైవేట్ అంతరిక్ష కంపెనీలని చూసే ప్రభుత్వ సంస్థ) వీసీ ఫండ్ మీద కన్నేసి ఉంచండి.

2. ఎంత కావాలి అనే ముందు, ఏం నిరూపించడానికి కావాలి అని రాసుకోండి

దీనికి హైదరాబాద్ స్కైరూట్ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. 2018లో ఇద్దరు మాజీ ఇస్రో ఇంజనీర్లు, పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా మొదలుపెట్టిన రాకెట్ కంపెనీ. ఆదాయం అంటూ దాదాపు లేని వ్యాపారం, మరి డబ్బు ఎలా వచ్చింది? తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 2020 డిసెంబరులో కలాం-5 సాలిడ్ మోటార్ పరీక్షించారు, 2021 మేలో గ్రీన్‌కో వ్యవస్థాపకుల నాయకత్వంలో 1.1 కోట్ల డాలర్ల సిరీస్ ఏ వచ్చింది. 2021 నవంబరులో ధవన్-1 క్రయోజెనిక్ ఇంజిన్ మండించారు, 2022 జనవరిలో 45 లక్షల డాలర్లు వచ్చాయి. 2022 మేలో కలాం-100 పరీక్ష, సెప్టెంబరులో సింగపూర్ జీఐసీ నాయకత్వంలో 5.1 కోట్ల డాలర్ల సిరీస్ బీ. నవంబరు 18న విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగిరింది, మరుసటి అక్టోబరులో టెమాసెక్ నాయకత్వంలో 2.75 కోట్ల డాలర్లు.

ప్రతి రౌండ్‌కి ముందు ఒక పరీక్ష గెలిచారు. తర్వాతి రౌండ్‌కి ఏం చూపించాలో ముందే తెలుసుకుని ఈ రౌండ్ సైజు నిర్ణయించుకోవడం అంటే ఇదే. జనవరిలో వచ్చిన ఆ 45 లక్షల డాలర్లు గమనించండి, పెద్ద రౌండ్ కోసం మొండికేయకుండా తర్వాతి పరీక్ష దాకా చేర్చే చిన్న మొత్తం తీసుకున్నారు. ఆ ఓపిక చాలామందికి ఉండదు.

మీ లెక్క ఇలా కట్టండి. తర్వాతి మైలురాయి ఏమిటి, అక్కడికి ఎన్ని నెలలు, నెలకి నికరంగా ఎంత కరుగుతుంది. ఇప్పుడు నెలకి 3 కోట్లు కరుగుతున్నా, కొత్త నియామకాలతో అది 5 దాకా పోతుంది, సగటున 4 అనుకుంటే 24 నెలలకి 96 కోట్లు. 18 నెలల కంటే తక్కువకి తీసుకుంటే, మైలురాయి చేరకముందే మళ్ళీ ఫండింగ్ కోసం తిరగడం మొదలవుతుంది.

మొదలుపెట్టడం ఎప్పుడంటే, బ్యాంకులో ఇంకా పది పన్నెండు నెలల డబ్బు ఉన్నప్పుడు. మొదటి మీటింగ్ నుంచి డబ్బు పడేదాకా ఐదారు నెలలు మామూలే, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మూడు నెలల రన్‌వేతో, అంటే మూడు నెలలకే సరిపడే డబ్బుతో, వెళ్తే అవతలివాళ్ళు ఏమీ అనరు, టర్మ్ షీట్ మాత్రం మెల్లగా ఇస్తారు.

3. మీ అంకెలు మీ నోట్లో ఉండాలి

గ్రోత్ రౌండ్‌లో మాటకారితనం మొదటి పది నిమిషాలకే, ఆ తర్వాత ఎక్సెల్ షీటే. సాఫ్ట్‌వేర్ కంపెనీ అయితే నాలుగు లెక్కలు సిద్ధంగా ఉండాలి.

మొదటిది ఏఆర్ఆర్, అంటే ఏటా తిరిగి తిరిగి వచ్చే ఆదాయం. ఇందులో ఒకసారి చేసిపెట్టిన కస్టమైజేషన్ ఫీజులు, పైలట్ ప్రాజెక్టుల డబ్బు కలపకండి. కలిపితే డ్యూ డిలిజెన్స్‌లో (డబ్బిచ్చేముందు వాళ్ళు చేసే తనిఖీలో) ఎలాగూ బయటపడుతుంది, అప్పుడు పోయేది ఆ అంకె ఒక్కటే అయితే పర్వాలేదు, మిగతా అంకెల మీద నమ్మకం కూడా పోతుంది.

రెండోది పాత కస్టమర్లు ఎంత పెరిగారు అనేది, ఎన్ఆర్ఆర్ అంటారు. నిరుడు కొందరు కస్టమర్లు కలిపి 10 కోట్లు ఇచ్చారు, అదే కస్టమర్లు, వదిలేసిపోయినవాళ్ళని కూడా లెక్కేసి, ఈ ఏడాది 11.5 కోట్లు ఇస్తే అది 115 శాతం. 100 కంటే తక్కువైతే కొత్త సేల్స్ టీముకి డబ్బు అడగడానికి ముందు ఆ కారుతున్న చోటు ఎక్కడో చూసుకోండి.

మూడోది గ్రాస్ మార్జిన్, అందరూ తమకు తెలియకుండానే ఎక్కువ చేసి చూపించేది ఇదే. క్లౌడ్ బిల్లు, కస్టమర్ సపోర్ట్ వాళ్ళ జీతాలు, ఏఐ ప్రొడక్ట్ అయితే మోడల్ వాడకానికి కట్టే డబ్బు, ఇవన్నీ అమ్మిన సరుకు ఖర్చులోకే రావాలి. ఒక్కో కస్టమర్ దగ్గరికి నలుగురు ఇంజనీర్లని పంపి పని చేయిస్తుంటే, వాళ్ళని ఆర్ అండ్ డీ ఖర్చులో దాచకండి. అది ప్రొడక్ట్ కంపెనీయా, సర్వీసెస్ కంపెనీయా అనేది అవతలివాడు పట్టుకునేది అక్కడే.

నాలుగోది బర్న్ మల్టిపుల్. ఏడాదిలో నికరంగా 24 కోట్లు కరిగించి 16 కోట్ల కొత్త ఏఆర్ఆర్ తెచ్చారనుకోండి, 24ని 16తో భాగిస్తే 1.5, బాగానే ఉన్నట్టు. 3 దాటితే ఎందుకో చెప్పడానికి గట్టి కారణం ఉండాలి.

హార్డ్‌వేర్, డీప్‌టెక్ వాళ్ళకి ఇవి సరిపోవు. సంతకమైన ఆర్డర్ వేరు, ఆసక్తి ఉందని రాసిచ్చిన లెటర్ వేరు, రెండూ వేర్వేరు వరుసల్లో చూపించండి. మొదటి యూనిట్ తయారీ ఖర్చెంత, పదోదానికి ఎంతైంది, వందోదానికి ఎంతకి దిగుతుంది అనే లెక్క ఉండాలి. ప్రభుత్వ సంస్థలకి అమ్ముతుంటే బిల్లు పెట్టిన ఎన్నాళ్ళకి డబ్బు వస్తోందో నిజం చెప్పేయండి. ఆ ఆలస్యాన్ని భరించడానికే రౌండ్‌లో కొంత భాగం పోతుంది.

4. వాళ్ళు వెతక్కముందే మీ కాగితాలు మీరు వెతుక్కోండి

పొలం కొనేవాడు ముందు ఈసీ తీయించి లింక్ డాక్యుమెంట్లు అడిగినట్టే, ఇన్వెస్టర్ లాయర్ మీ కంపెనీ పుట్టినప్పటి నుంచి ప్రతి షేరు ఎలా పుట్టింది, ఎవరి చేతికి పోయింది అని అడుగుతాడు. ఈ పని ఆరు నెలల ముందే మొదలెట్టండి.

మన తెలుగు కంపెనీల్లో తరచుగా కనిపించే చిక్కు ఒకటుంది. మొదట్లో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న స్నేహితులు, బంధువులు తలా పది లక్షలు వేసి ఉంటారు. ఆ డబ్బు విదేశీ ఖాతా నుంచి వచ్చిందా, ఎన్ఆర్ఓ ఖాతా (ఎన్నారైల రూపాయి ఖాతా) నుంచా, లేక "మా నాన్నగారి ఖాతా నుంచి వేయిస్తాలే" అని ఇక్కడి ఖాతా నుంచా? లాభంతో సహా తిరిగి విదేశానికి తీసుకెళ్ళే పద్ధతిలో పెట్టారా, కాదా? తీసుకెళ్ళే పద్ధతి అయితే షేర్లు ఇచ్చిన 30 రోజుల్లో ఎఫ్‌సీ-జీపీఆర్ (విదేశీ పెట్టుబడి వివరాలు రిజర్వ్ బ్యాంక్‌కి చెప్పే ఫారం) ఫైల్ చేసి ఉండాలి. చాలామంది చేయరు. ఆలస్య రుసుము కట్టి సరిచేసుకోవచ్చు, అయితే దానికి పాత బ్యాంకు కాగితాలు, వాళ్ళ కేవైసీ అన్నీ కావాలి, అందులో ఒకాయన ఫోనెత్తడు. అలాంటి చిన్న వాటాదార్లు ముప్పైమంది ఉంటే, ఓటింగ్‌కి అందరి తరఫున ఒకరికి అధికారం రాయించుకోవడం కూడా ఇప్పుడే చేయండి.

రెండోది కోడ్, పేటెంట్లు ఎవరి పేరు మీద ఉన్నాయి. ఉద్యోగి పనిలో భాగంగా రాసిన కోడ్ కాపీరైట్ మామూలుగా కంపెనీదే. ఫ్రీలాన్సర్ రాసింది అలా కాదు, రాతపూర్వకంగా బదిలీ చేయాలి. అందులోనూ ఒక మెలిక ఉంది: మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్ళే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. అంటే 2019లో ఒక ఏజెన్సీ చేత రాయించిన మీ ప్రొడక్ట్ మొదటి వెర్షన్ హక్కులు ఈపాటికి మీ చేతిలో లేకపోవచ్చు. శాశ్వతంగా, ప్రపంచమంతటికీ అని కొత్త పత్రం రాయించుకోండి. ఫౌండర్ వేరే ఉద్యోగంలో ఉండగా రాసిన కోడ్, ఐఐటీ ల్యాబ్‌లో పుట్టిన పేటెంట్, వీటికీ లైసెన్సో బదిలీయో కావాలి. ఓపెన్ సోర్స్ లైసెన్సులు స్కాన్ చేయించండి, అమ్మే ప్రొడక్ట్‌లో జీపీఎల్ కోడ్ (మీ కోడ్‌నీ బయటపెట్టాల్సి రావొచ్చనే లైసెన్సు ఉన్నది) కలిసిపోయి ఉంటే అది వాళ్ళ టెక్ టీమ్ చెప్పేదాకా ఆగకూడదు.

చిన్న కంపెనీ నిర్వచనం దాటిన ప్రైవేట్ కంపెనీలు ఇప్పుడు కొత్త షేర్లు డీమ్యాట్‌లోనే ఇవ్వాలి, దానికి ముందు ప్రమోటర్ల షేర్లు డీమ్యాట్ అయి ఉండాలి. ఐఎస్ఐఎన్ (డీమ్యాట్ షేర్లకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) తెచ్చుకోవడం ఒక్కరోజు పని కాదు. ఇక టీడీఎస్, పీఎఫ్, జీఎస్టీ బకాయిలు, మాటగా ఇచ్చి కాగితం మీద పెట్టని ఈసాప్‌లు (ఉద్యోగులకి ఇచ్చే షేర్ ఆప్షన్లు)... వీటి గురించి విడిగా చెప్పక్కర్లేదు.

విదేశంలో హోల్డింగ్ కంపెనీ పెట్టుకోవాలా అంటే, కస్టమర్లంతా అమెరికాలోనే ఉంటే తప్ప నేను వద్దంటాను. తిరిగి రావడం ఎంత ఖరీదో ఫోన్‌పేని చూశాం, 2022లో సింగపూర్ నుంచి ఇండియాకి మారినప్పుడు దాని ఇన్వెస్టర్లు కట్టిన పన్ను దాదాపు 8,000 కోట్లు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏంజెల్ ట్యాక్స్ (న్యాయమైన విలువకి మించి తెచ్చిన పెట్టుబడి మీద పన్ను) కూడా పోయింది కాబట్టి ఇక్కడే ఉండటానికి ఉన్న పెద్ద తలనొప్పి ఒకటి తగ్గింది.

5. ఎవరి దగ్గరికి వెళ్ళాలి

గ్రోత్ ఫండ్లలో డబ్బు ఇవ్వగలిగే పార్ట్‌నర్లు ఎక్కువమంది బెంగళూరు, ముంబై, ఢిల్లీ, సింగపూర్‌లలో కూర్చుంటారు. హైదరాబాద్‌లో ఉంటే వెనకబడతామా అని కొందరు అడుగుతుంటారు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో పెద్ద టీమ్ ఉన్న సెలూన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ జెనోటీకి అడ్వెంట్ నాయకత్వంలో 16 కోట్ల డాలర్లు వచ్చాయి, 2022 జనవరిలో ఇక్కడి హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ డార్విన్‌బాక్స్‌కి అమెరికా ఫండ్ టీసీవీ నాయకత్వంలో 7.2 కోట్ల డాలర్లు, 2025 మార్చిలో పార్ట్‌నర్స్ గ్రూప్, కేకేఆర్ నుంచి 14 కోట్ల డాలర్లు. అంకెలు బావుంటే విమానం ఎక్కి వాళ్ళే వస్తారు.

ముప్పై నలభై పేర్ల జాబితా రాసి, అందులోంచి మీ పోటీదారుడిలో ఇప్పటికే పెట్టినవాళ్ళని కొట్టేయండి. మీ సైజు చెక్కు రాయలేనివాళ్ళనీ, ఫండ్ చివరికొచ్చినవాళ్ళనీ తీసేయండి. పదిహేను మిగిలితే గొప్ప. వాళ్ళతో రౌండ్ మొదలయ్యే ఆరు నెలల ముందే పరిచయం పెట్టుకోండి. "ఇప్పుడు డబ్బు అడగడం లేదు, ఈ రెండు త్రైమాసికాల్లో ఇది చేస్తాం" అని చెప్పి, చేసి, మళ్ళీ మెయిల్ పెట్టండి. చెప్పింది చేసేవాళ్ళని ఫండ్లు గుర్తుపెట్టుకుంటాయి.

అసోసియేట్ (ఫండ్‌లోని జూనియర్ ఉద్యోగి) ఉత్సాహాన్ని చూసి మురిసిపోకండి, పాపం వాళ్ళ ఉద్యోగమే అందరితో మాట్లాడటం. రెండో మీటింగ్‌కి పార్ట్‌నర్ రాకపోతే అది మర్యాదగా "వద్దు" అని చెప్పడమే. అందరినీ ఒకేసారి, రెండు మూడు వారాల్లో కలిసేలా పెట్టుకోండి. ఒకరి తర్వాత ఒకరిని కలుస్తూ పోతే టర్మ్ షీట్లు ఒకేసారి రావు, బేరానికి బలం ఉండదు.

వాళ్ళు మీ గురించి విచారించినట్టే మీరూ విచారించండి. వాళ్ళు ఇచ్చిన రిఫరెన్సులకి కాకుండా, వాళ్ళ డబ్బు తీసుకుని మూతపడిన కంపెనీ ఫౌండర్‌కి ఫోన్ చేయండి. కష్టకాలంలో బోర్డులో ఎలా ప్రవర్తించారో అతనొక్కడే చెప్పగలడు.

స్పేస్, రక్షణ లాంటి రంగాల్లో విదేశీ పెట్టుబడికి పరిమితులున్నాయి. 2024లో మార్చిన నిబంధనల ప్రకారం ఆటోమేటిక్ దారిలో (ముందస్తు ప్రభుత్వ అనుమతి లేకుండా) శాటిలైట్ల తయారీకి 74 శాతం, లాంచ్ వెహికల్స్‌కి 49 శాతం దాకా, విడిభాగాలకి 100 శాతం. ఫండ్ వెనక చైనా లాంటి సరిహద్దు దేశాల డబ్బు ఉంటే 2020 నాటి ప్రెస్ నోట్ 3 (అలాంటి డబ్బుకి ప్రభుత్వ అనుమతి అడిగే నిబంధన) అడ్డొస్తుంది, తాజా నిబంధన ఏమిటో లాయర్‌ని అడిగాకే ముందుకెళ్ళండి.

6. టర్మ్ షీట్: ఇక్కడ తొందరపడకండి

రెండు మూడు పేజీలే ఉంటుంది, చాలా భాగం చట్టపరంగా కట్టుబడేది కాదని కూడా రాసి ఉంటుంది. నమ్మకండి, ఇక్కడ ఒప్పుకున్నది తర్వాత వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. అంకెలతోనే చూద్దాం.

ప్రీ-మనీ (డబ్బు రాకముందు విలువ) 400 కోట్లు, పెట్టుబడి 100 కోట్లు, పోస్ట్-మనీ (వచ్చాక విలువ) 500 కోట్లు, వాళ్ళ వాటా 20 శాతం. బావుంది. కింద ఎక్కడో "క్లోజింగ్ తర్వాతి లెక్కలో 5 శాతానికి సరిపడా కొత్త ఈసాప్ పూల్, ప్రీ-మనీలో భాగంగా" అని ఉంటుంది. 500లో 5 శాతం 25 కోట్లు, అది మొత్తం మీ పాత వాటాదార్ల జేబులోంచే. అంటే నిజంగా మీ కంపెనీకి కట్టిన విలువ 375 కోట్లే. వచ్చే 18 నెలల్లో ఎవరెవర్ని తీసుకుంటారో పేర్లూ హోదాలతో జాబితా చూపించి, 2 శాతం చాలని వాదించండి. మామూలుగా గెలుస్తారు.

తర్వాతది లిక్విడేషన్ ప్రిఫరెన్స్, కంపెనీ అమ్మితే ముందు ఎవరికెంత అనేది. ఒక రెట్టు, నాన్-పార్టిసిపేటింగ్ అయితే వాళ్ళు పెట్టిన 100 కోట్లు వెనక్కి తీసుకోవాలి, లేదా 20 శాతం వాటా తీసుకోవాలి, ఏదో ఒకటే. 300 కోట్లకి అమ్మితే 20 శాతం అంటే 60, కాబట్టి 100 తీసుకుంటారు, మిగతావాళ్ళకి 200. పార్టిసిపేటింగ్ అయితే ముందు 100 తీసుకుని, మిగిలిన 200లో మళ్ళీ 20 శాతం, అంటే మొత్తం 140. 1,000 కోట్లకి అమ్మితే మొదటి పద్ధతిలో 200, రెండో పద్ధతిలో 280. ఒక్క పదం తేడాతో 80 కోట్లు. వాల్యుయేషన్‌లో 30 కోట్లు ఎక్కువ ఇస్తామని ఈ పదం పెట్టించుకునేవాళ్ళు ఉంటారు, మీరు ఆ 30 వదులుకుని ఈ పదం తీయించండి. అలాగే సిరీస్ బీ వాళ్ళు సిరీస్ ఏ వాళ్ళకంటే ముందా, సమానమా అనేది కూడా చూడండి, ఇప్పుడు ముందు అని ఒప్పుకుంటే సిరీస్ సీ వాళ్ళూ అదే అడుగుతారు.

మూడోది యాంటీ-డైల్యూషన్. తర్వాతి రౌండ్ తక్కువ ధరకి వస్తే వాళ్ళ షేర్ల లెక్క సవరించడం. కంపెనీలో మొత్తం కోటి షేర్లు, ఒక్కోటి 500 రూపాయలు, వాళ్ళ దగ్గర 20 లక్షలు అనుకుందాం. రోజులు బాగాలేక 250 రూపాయలకి 50 కోట్లు తెచ్చారు, అంటే కొత్తగా 20 లక్షల షేర్లు. బ్రాడ్-బేస్డ్ వెయిటెడ్ యావరేజ్ పద్ధతిలో వాళ్ళ ధర 500 నుంచి సుమారు 458కి దిగి, వాళ్ళ షేర్లు 21.8 లక్షలు అవుతాయి. ఫుల్ రాచెట్ అయితే ధర ఏకంగా 250, షేర్లు 40 లక్షలు. రెట్టింపు! ఫుల్ రాచెట్ ఉన్న కాగితం మీద, వేరే దారే లేకపోతే తప్ప, సంతకం పెట్టకండి. విదేశీ ఇన్వెస్టర్ అయితే ఫెమా (విదేశీ మారక చట్టం) ప్రకారం మార్పిడి ధరో, సూత్రమో షేర్లు ఇచ్చేటప్పుడే తేల్చాలి, మార్చేటప్పటి ధర షేర్లు ఇచ్చిన నాటి న్యాయమైన విలువకంటే తగ్గకూడదు. ఈ రెండూ కలిసేలా రాయడం తెలిసిన లాయర్ కావాలి, మీ ఇంటి రిజిస్ట్రేషన్ చేసిన ఆయన చాలడు.

మన దగ్గర ఈ రౌండ్లు దాదాపు అన్నీ సీసీపీఎస్‌లో జరుగుతాయి, అంటే తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు. ఆ "తప్పనిసరిగా" ముఖ్యం. మారినా మారకపోయినా పర్లేదు అనే రకం విదేశీ ఇన్వెస్టర్‌కి ఇస్తే ఫెమా దాన్ని అప్పుగా చూస్తుంది. అదే కారణంతో "ఐదేళ్ళ తర్వాత ఇంత రాబడితో మీరు కొనాలి" అనే హామీ కూడా విదేశీ ఇన్వెస్టర్‌కి ఇవ్వడం కుదరదు. దేశీ ఫండ్ అడగొచ్చు. అప్పుడు అది ప్రమోటర్ వ్యక్తిగత హామీ కాకుండా చూసుకోండి, ఇల్లు పోగొట్టుకునే దారి అది.

రిజర్వ్‌డ్ మ్యాటర్స్ అని ఒక జాబితా ఉంటుంది, వాళ్ళ అనుమతి లేకుండా మీరు చేయకూడనివి. కంపెనీ అమ్మకం, కొత్త షేర్లు, అప్పులు, వీటికి అభ్యంతరం లేదు. బడ్జెట్ దాటని ఖర్చులకి, మామూలు నియామకాలకి కూడా అనుమతి అంటే తగ్గించమనండి, లేకపోతే ఒక సేల్స్ హెడ్‌ని తీసుకోవడానికి సింగపూర్ నుంచి మెయిల్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఫౌండర్ షేర్ల వెస్టింగ్ (ఏళ్ళు పనిచేసేకొద్దీ షేర్లు సొంతమవడం) మళ్ళీ మొదటి నుంచి అంటే ఆరేళ్ళు పనిచేసినవాళ్ళకి అది అన్యాయం, కొంత భాగానికే ఒప్పుకోండి. డ్రాగ్-అలాంగ్ (వాళ్ళు అమ్మితే మీ షేర్లూ అమ్మించే హక్కు) ఎన్నేళ్ళ తర్వాత, ఏ ధర పైన అనేది రాయించండి.

వేరేవాళ్ళతో మాట్లాడకూడదనే ఎక్స్‌క్లూజివిటీ మాత్రం సంతకం పెట్టిన రోజు నుంచే కట్టుబడాల్సిందే. 45 రోజులకి మించి ఇవ్వకండి.

7. డ్యూ డిలిజెన్స్

నాలుగో అడుగు సరిగ్గా వేసి ఉంటే ఇది విసుగు తప్ప టెన్షన్ కాదు. ప్రశ్నలన్నిటికీ ఒకే మనిషి జవాబివ్వాలి, ఒకే డేటా రూమ్ (కాగితాలన్నీ పెట్టిన ఆన్‌లైన్ ఫోల్డర్) నుంచి. తప్పు ఏదైనా ఉంటే వాళ్ళు కనుక్కోకముందే చెప్పి, ఎలా సరిచేస్తున్నారో కూడా చెప్పండి. కస్టమర్లకి ఫోన్లు చేస్తారు, ముందుగా కస్టమర్లకి చెప్పి ఉంచండి. ఈ రెండు నెలల్లో అమ్మకాలు తగ్గితే ధర మళ్ళీ మాట్లాడతారు, కాబట్టి ఫౌండర్లలో ఒకరు ఈ గొడవకి పూర్తిగా దూరంగా, వ్యాపారం మీదే ఉండాలి.

8. సంతకాల నుంచి డబ్బు దాకా, వరుస తప్పకూడదు

కంపెనీల చట్టం సెక్షన్ 42 కింద ప్రైవేట్ ప్లేస్‌మెంట్ (ఎంచుకున్న కొందరికే షేర్లు ఇవ్వడం) చేస్తున్నాం కాబట్టి వరుస ఇది. ముందు వాల్యుయేషన్ రిపోర్టులు: కంపెనీల చట్టానికి రిజిస్టర్డ్ వాల్యూయర్‌ది ఒకటి, విదేశీ డబ్బయితే ఫెమా కోసం సీఏ లేదా మర్చంట్ బ్యాంకర్‌ది ఇంకొకటి. తర్వాత బోర్డు తీర్మానం, వాటాదార్ల ప్రత్యేక తీర్మానం, దాన్ని కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఎంజీటీ-14 ఫారంలో ఫైల్ చేయడం. అది ఫైల్ అయ్యాకే పీఏఎస్-4 ఆఫర్ లెటర్ ఇవ్వాలి, తారుమారు చేయకండి.

డబ్బు విడిగా తెరిచిన బ్యాంకు ఖాతాలోకి రావాలి. వచ్చిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, లేకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగివ్వాలి, అదీ చేయకపోతే 12 శాతం వడ్డీ. కేటాయించిన 15 రోజుల్లో పీఏఎస్-3 (కేటాయింపు వివరాల ఫారం) ఫైల్ చేయాలి. అది ఫైల్ అయ్యేదాకా ఆ ఖాతాలో రూపాయి కూడా వాడకూడదు. నెలాఖరు జీతాలకి ఈ డబ్బే గతి అనుకుని క్లోజింగ్‌ని 29వ తేదీకి పెట్టుకునేవాళ్ళకి చెమటలు పట్టేది ఇక్కడే. కనీసం రెండు నెలల జీతాలు పాత ఖాతాలో ఉంచుకునే క్లోజింగ్‌కి వెళ్ళండి.

విదేశీ డబ్బయితే కేటాయించిన 30 రోజుల్లో రిజర్వ్ బ్యాంక్ ఫర్మ్స్ పోర్టల్‌లో ఎఫ్‌సీ-జీపీఆర్. దీనికి అవతలి బ్యాంకు నుంచి కేవైసీ రావాలి, అది వారాలు పడుతుంది, కాబట్టి డబ్బు బయల్దేరిన రోజే అడగండి. మీ బ్యాంకు బ్రాంచిలో ఇలాంటివి ఎప్పుడూ చూడని మేనేజర్ ఉంటే, ఫారెక్స్ డీలింగ్ బాగా తెలిసిన బ్రాంచికి ఖాతా ముందే మార్చుకోవడం మంచిది.

9. డబ్బు పడ్డాక

మొదటి నెలలోనే బోర్డుతో ఏడాది బడ్జెట్ ఆమోదించుకోండి, రిజర్వ్‌డ్ మ్యాటర్స్‌లో సగం గొడవలు దాంతోనే తీరతాయి. నెలనెలా ఒకే ఫార్మాట్‌లో ఎంఐఎస్ (నెల లెక్కల నివేదిక) పంపండి, చెడ్డ నెలైనా సరే అదే తారీఖుకి. ఒప్పందంలో సమాచార హక్కుల గడువులు రాసి ఉంటాయి, అవి తప్పితే కాగితం ప్రకారం మీరు ఒప్పందం మీరినట్టే. కొత్త ఆఫీసు, ఒకేసారి యాభైమంది నియామకం, ఈ రెండూ మొదటి త్రైమాసికంలో పెట్టుకోకండి. మీరు లెక్కగట్టిన సగటు 4 కోట్లు మొదటి ఆరు నెలల్లోనే 6 కోట్లు అయ్యేది వీటివల్లే.

విదేశీ ఇన్వెస్టర్ ఉన్నంతకాలం ఏటా జులై 15 లోపు రిజర్వ్ బ్యాంక్‌కి ఎఫ్ఎల్ఏ (విదేశీ ఆస్తులు, అప్పుల) రిటర్న్ కూడా పంపాలి. ఆడిట్ అవ్వలేదని ఆగకండి, ఆడిట్ కాని లెక్కలతో పంపి తర్వాత సవరించుకోవచ్చు.